అల్మారాలో ఎండ – తొమ్మిదో భాగం: గోడకవతలి గిన్నెలు

గడిచిన వారం నూకరత్నాన్ని అల్మారా ముందు పీట మీద కూర్చోబెట్టి, చేతికి తాటాకు విసనకర్ర ఇచ్చి వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. విసనకర్ర మాత్రం విరిగిపోయింది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్లు కంగారు పడనక్కర్లేదు. ఒక చెరుకు, ఒక అల్మారా, ఒక గోడ. కథంతా ఈ మూడింటి మధ్యే తిరుగుతోంది.

నూకరత్నం భర్త సన్యాసిరావు పోయి మూడేళ్లు. ఆయన బతికున్నన్నాళ్లూ బావి పక్కన ఒక వరస ఎర్ర చెరుకు పెంచుకుంటూ వచ్చాడు. ఆయన తండ్రి వేసినది కాబట్టి ఇంటి కోడళ్లు దాన్ని మావగారి చెరుకు అనేవారు. ఫ్యాక్టరీకి పంపేంత పంట కాదు. పిల్లలు నమలడానికి, ఇంటికి సరిపడా బెల్లం వండుకోవడానికి. ఈ ఏడు సన్యాసిరావు తమ్ముడు జగ్గారావు, ఇంకా వాటాలు వెయ్యని పొలమంతా సరుగుడు వేసేస్తానన్నాడు. బావి పక్క పది సెంట్లు వదిలెయ్యమని వదిన అడిగింది. జగ్గారావు మీసం తిప్పుకుని ఒక షరతు పెట్టాడు. రథసప్తమి నాటికి రెండు వందల చెరుకు మొక్కలు పచ్చగా కంటికి చూపించాలి. ఒక్కటి తగ్గినా ఆ పది సెంట్లలోనూ సరుగుడే. పుష్యమాసం చలిలో చెరుకు కన్ను విచ్చుకోదని జగ్గారావుకి తెలుసు. తెలిసే ఆ గడువు పెట్టాడు.

అందుకని నూకరత్నం భర్త బట్టల అల్మారా ఖాళీ చేసింది. పంచెలూ చొక్కాలూ ట్రంకు పెట్టెలోకి పోయాయి. మిగిలిన చెరుకు గడలని ఒంటికన్ను ముచ్చెలుగా, అంటే ఒక్కో మొలక కన్నున్న చిన్న ముక్కలుగా నరికి, రెండు వందల నలభై ముచ్చెలనీ కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో గుచ్చి, నాలుగు అరల్లో సర్దింది. అరకొక వంద వాట్ల గుండు బల్బు, ఒక తెల్ల ట్యూబులైటు వేలాడదీయించింది. అల్మారాలోకి ఎండ తెచ్చింది. సాయంత్రం తేవడం మర్చిపోయింది. రెండో రోజుకే లోపల రొట్టె కాలేంత వేడి.

అప్పుడు కరెంటు పని చేసే దాసుని పిలిచి, అల్మారా అడుగున రెండు కన్నాలు కొట్టించి, నెత్తిన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించింది. కింద నుంచి చల్లగాలి లోపలికి, పైనుంచి వేడిగాలి బయటికి. ఆ వేడిగాలిని గదిలోకే వదిలితే ప్రయోజనం లేదు కాబట్టి, ఒక లావుపాటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, పక్క గోడలోని పాత కన్నంలోకి దూర్చింది.

చిక్కల్లా ఆ గోడ దగ్గరే. అది అన్నదమ్ముల వాటా గోడ. దానికి ఎవరూ మేకు కూడా కొట్టకూడదని పెద్దమనుషులు కాగితం రాశారు. గోడకి అవతల జగ్గారావు, అతని భార్య రాజులమ్మ. రాజులమ్మ రెండేళ్లుగా తోటికోడలితో మాట్లాడటం లేదు.

ఆ మాటల్లేకపోవడం వెనుక ఒక రోలుంది. వాటాలనాడు పెద్దమనుషులు సామాను లెక్కపెట్టి చెరిసగం పంచారు. రుబ్బురోలు ఒక వస్తువు, పొత్రం ఒక వస్తువు. రోలు రాజులమ్మకి పోయింది, పొత్రం నూకరత్నానికి మిగిలింది. రాజులమ్మ అందరి ముందూ నిలబడి, "ఆ పొత్రం నా గడప దాటి లోపలికొచ్చిందాకా ఈవిడతో మాటాడితే నూకాలమ్మ మీదొట్టు" అనేసింది. నూకరత్నం కూడా తక్కువ తినలేదు. పొత్రాన్ని అల్మారా గది తలుపు కదలకుండా ఒత్తుగా పెట్టుకుంది. అప్పటినుంచీ అది అక్కడే ఉంది.

ఇదీ సంగతి. ఇక విరిగిన విసనకర్ర దగ్గరికి పోదాం.

మూడు రోజులుగా అల్మారా మాట వినడం లేదు. కోళ్లఫారం వాళ్లనడిగి తెచ్చుకున్న, వేడి చూపే గుండ్రటి ముల్లు గడియారం ఒకటి లోపల వేలాడుతోంది. ముల్లు ముప్పైకి ముప్పై అయిదుకి మధ్య ఉంటే చెరుకు కన్నుకి సుఖం. ఇప్పుడది నలభై రెండు మీద ఉంది. తలుపు తీసిపెడితే గంటలో ఇరవైకి జారిపోతుంది. మూస్తే గంటలో నలభై దాటుతుంది. తీయడం, మూయడం, విసరడం. చంటిపిల్ల ఉన్న ఇంట్లో కూడా ఇంత చాకిరీ ఉండదు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కానీ వారం కిందట తుమ్మెదలా గుయ్యిమన్నది, ఇప్పుడు జలుబు చేసిన మనిషిలా మూలుగుతోంది.

నూకరత్నం లేచి దేవుడి గూట్లోంచి అగరొత్తి తెచ్చి వెలిగించింది. అల్మారా అడుగు కన్నం దగ్గర పట్టింది. గాలి నడుస్తుంటే పొగ కన్నంలోకి లాగినట్టు పోవాలి. పొగ ఎటూ పోలేదు. ఏదో మొక్కుకున్నట్టు నిటారుగా నిలబడింది.

"అడ్డం పడింది" అనుకుంది. లోపలైతే అడ్డమేమీ లేదు. గొట్టానికి చెయ్యి ఆనించి చూసింది. గోడ దాకా వేడిగానే ఉంది. అడ్డం గోడలోనో, గోడకవతలో. ఫ్యాను ఆపి, గొట్టం మొదలు ఊడదీసి, మొహం దగ్గర పెట్టుకుని పీల్చింది.

పుల్లటి వాసన గుప్పున వచ్చింది. పొంగిన ఇడ్లీ పిండి వాసన.

ఆ వాసన ఎవరిదో చోడవరంలో ఎవరినడిగినా చెబుతారు. పుష్యమాసం వచ్చిందంటే ఊళ్లో ఏ ఇంట్లోనూ పిండి పులవదు. రాత్రి ఎలా రుబ్బి పెట్టారో తెల్లారి అలాగే, తడి ఇసకలా కూర్చుంటుంది. రాజులమ్మ అమ్మే పిండి మాత్రం ఈసారి చలిలోనూ గిన్నె అంచు దాటి పొంగింది. ఎలాగమ్మా అని పిండి కొనుక్కునే ఝాన్సీ టీచరు అడిగితే, "మా దేవరాపల్లి సిట్కా అమ్మా. మాయమ్మ నాకొక్కర్తికే సెప్పింది. బయటికి సెప్తే పని సెయ్యదు" అందట. ఆ మాట వీధంతా తిరిగి నూకరత్నం దాకా వచ్చింది. నూకరత్నం కూడా నిజమే కాబోలనుకుంది. ఇప్పుడు గొట్టం చేత్తో పట్టుకుని ఆ దేవరాపల్లి చిట్కా ఏమిటో అర్థం చేసుకుంది.

జగ్గారావు రావికమతం వెళ్లాడు, సాయంత్రం దాకా రానని పొద్దున్న వదినతో అన్నాడు. నూకరత్నం గొట్టం మళ్లీ తగిలించి, ఫ్యాను వేసి, కొంగు బొడ్లో దోపి దొడ్లోకి నడిచింది. వాటా గోడ దొడ్డి దాకా వచ్చేసరికి ఇటుకలు అయిపోయాయి. కుళాయి దగ్గర మూడడుగుల ఖాళీకి ఒక పాత రేకు నిలబెట్టారు. ఆ రేకు పైనుంచే జగ్గారావు రోజూ పొద్దున్న పళ్లు తోముకుంటూ ఇటు తొంగి చూస్తాడు. వదిన దొడ్లో చీర కప్పిన ట్రేలు రెండు కనబడతాయి. "మొలిసేయా వదినా" అంటాడు. "మొలుస్తాయిలే బాబూ" అంటుందావిడ. ఆ ట్రేలలో వట్టి కొబ్బరి పొట్టు తప్ప ఏమీ లేదు. అతని చూపుకి మేత కావాలి కాబట్టి పెట్టింది.

రేకు పక్కకి జరిపి, రెండేళ్ల తర్వాత మొదటిసారి అవతల కాలు పెట్టింది.

రాజులమ్మ తన సామాన్ల గదిలో ఉంది. గోడ వెంబడి నాపరాయి గట్టు, గట్టుకి జానెడు పైన ఆ కన్నం. గట్టు మీద ఆరు పెద్ద గిన్నెలు గోడకి వీపులానించి బారుగా కూర్చున్నాయి. వాటన్నిటికీ కలిపి ఒక బొంత కప్పి, బొంత చివర కన్నంలోకి కుక్కి ఉంది. వేడి వృథా పోకూడదన్న శ్రద్ధ ఆ కుక్కడంలో కనబడుతోంది.

నూకరత్నం గడప బయటే ఆగింది. రాజులమ్మ తలెత్తి చూసింది. మళ్లీ దించుకుని, ఎదురుగా ఉన్న గిన్నెతో మాట్లాడింది.

"గిన్నే, దొడ్డికాడ రేకు గట్టిగా బిగించమన్నాను కదే. సూడు, ఎవులో వచ్చీసేరు."

"గిన్నే," అంది నూకరత్నం, "మీ అమ్మగారినడుగు. కన్నంలో బొంతెందుకు కుక్కిందో."

"ఏ కన్నం? కాయితంలో మేకు కొట్టకూడదని ఉంటే కన్నం ఎలాగొచ్చిందో ముందు అది సెప్పమనే గిన్నే."

"అది పాత కన్నవే. మావగారి నాటిది. అడ్డంగా ఉన్న ఇటికముక్కలు నాలుగు తీసేనంతే."

"తీసినోలు ఒక మాట సెప్పి తియ్యాలా, వద్దా?"

"మాటాడని మనిసికి ఎలాగ సెప్తారు? నువ్వే సెప్పు గిన్నే."

మూత కింద నుంచి బుడగ ఒకటి పైకొచ్చి టప్పున చిట్లింది. ఇద్దరూ దాన్ని తమ వైపు సాక్ష్యంగానే తీసుకున్నారు.

"అదీ. గిన్నే ఒప్పుకుంది" అంది నూకరత్నం.

"గిన్నె నాది. నా మాటే ఒప్పుకుంతాది." రాజులమ్మ బొంత ఇంకొంచెం సర్దింది. "గోడకివతలకొచ్చిన గాలి నాది. నానేమీ ఎవులింటికీ పోయి తెచ్చుకోలేదు. దానంతట అదే వస్తంది. వద్దన్లేదు, అంతే."

"గాలి ఎవులదైనా అవనీ. దాన్ని పోనియ్యాలి కదా. నువ్వు... అదే, మీ అమ్మగారు అడ్డం కుక్కీసరికి అదెనక్కొచ్చి నా అల్మారాలో కూకుంది. మూడు రోజులై నా మొలకలు ఉడికిపోతన్నాయి."

రాజులమ్మ చెయ్యి బొంత మీద ఆగిపోయింది. "మొలకలా" అంది, గిన్నె పేరెత్తకుండానే. తర్వాత సర్దుకుంది. "గిన్నే, అల్మారాలో మొలకలేటో అడుగు. దొడ్లో ట్రేలున్నాయి కదా మరి."

"దొడ్లోవి మీ అయ్యగారి కోసం. అల్మారాలోవి నా కోసం."

ఆ మాట రాజులమ్మకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మూతి కొంగుతో మూసుకుంది. నవ్వుతోందో లేదో బయటికి తెలియలేదు. తెలిస్తే మాట్లాడినట్టే అవుతుందనుకుంది కాబోలు. రోజూ పొద్దున్న తన మొగుడు వట్టి పొట్టుని పలకరించి వస్తున్నాడన్నమాట.

నవ్వు అయ్యాక మొహం మళ్లీ బిగిసింది. "గిన్నెలు తియ్యడం కుదరదు. రేపు పొద్దున్న కె.కోటపాడులో అచ్చియ్యమ్మగారి మనవరాలి ఓణీల ఫంక్షను. నలభై కేజీల పిండి. పొంగకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? గిన్నే, సెప్పు. ఎక్కువ సేస్తే కన్నం సంగతి మీ అయ్యగారికి సెప్తానని కూడా సెప్పు."

"సెప్పనీ. నాను ఝాన్సీ టీచరుకి దేవరాపల్లి సిట్కా సెప్తాను. వంద వాట్ల బల్బులు నాలుగూ, ఒక ఫ్యానూ అని."

ఒకరి గుట్టు ఒకరి చేతిలో పడ్డాక పోట్లాట ముందుకి నడవడం కష్టం. వెనక్కి నడవడం ఇంకా కష్టం. నూకరత్నమే గొంతు తగ్గించింది.

"గిన్నే, ఈ మాట మీ అమ్మగారు వినాలి. గిన్నెలు గోడకి ఆనించి కన్నం మూసీసేవనుకో, ఎదురుగా ఉన్న ఒక్క గిన్నెకే సెగ. ఆ చివరున్నవాటికి లేదు. కావలిస్తే ముట్టుకుని సూడమను."

రాజులమ్మ ముట్టుకుని చూసింది. మధ్య గిన్నె వెచ్చగా ఉంది. చివరి గిన్నె చల్లగా, మొండిగా ఉంది.

"జానెడు ఎడం ఒగ్గితే గాలి కదులుతాది. గది గదంతా ఎచ్చబడతాది. ఆరు గిన్నెలూ పొంగుతాయి. నా ఫ్యానుకీ ఊపిరాడతాది."

ఇడ్లీ పిండి మీద బతికే మనిషికి ఆ లెక్క వెంటనే ఎక్కింది. రాజులమ్మ మారు మాట లేకుండా బొంత లాగేసింది. కన్నంలోంచి వేడిగాలి రివ్వున వచ్చి ఇద్దరి మొహాలకీ తగిలింది. గిన్నెలు పట్టుకుని జానెడు ముందుకి జరిపింది.

గిన్నెలు నిలబడలేదు. ఆ గట్టు కడిగిన నీళ్లు పోవడానికని గోడవైపు వాలుగా కట్టింది. ఇలా వదలగానే నిండు గిన్నె అలా జారి మళ్లీ గోడకి ఆనుకుంది. వెనక ఒక ఇటుక పెట్టారు. ఇటుక కూడా గిన్నెతో పాటు జారింది. కొబ్బరికాయ పెడితే దొర్లింది. పీట పెడితే కన్నానికే అడ్డం వచ్చింది. ప్రతిసారీ రాజులమ్మ గిన్నెని తిట్టింది, నూకరత్నం కూడా గిన్నెనే తిట్టింది. ఆ గిన్నె అన్ని తిట్లు జన్మలో తిని ఉండదు.

"బరువుది కావాలి" అంది నూకరత్నం. "పొట్టిగా ఉండాలి, లావుగా ఉండాలి, జారకూడదు." తనలో తాను అనుకుంటూనే గిరుక్కున తిరిగి దొడ్లోంచి ఇవతలకి వచ్చేసింది.

అల్మారా గదిలో తలుపుకి ఒత్తుగా ఉన్నది బరువుది, పొట్టిది, లావుది. రెండు చేతులా ఎత్తి పొట్టకి ఆనించుకుంది. యాభై ఆరేళ్ల నడుం ఇదేమిటని అడిగింది. నడుంతో తర్వాత మాట్లాడదామనుకుని, అడుగులో అడుగేస్తూ దొడ్డి దాటి, రేకు దాటి, రాజులమ్మ గది గడప దాటి లోపలికి వెళ్లింది. పొత్రాన్ని గట్టు మీద, గిన్నెలకీ గోడకీ మధ్య పడుకోబెట్టింది. కన్నానికి సరిగ్గా కిందుగా ఆనింది. కన్నం ముందున్న గిన్నెలు వచ్చి దానికి ఒరిగాయి, ఆగిపోయాయి. జానెడు ఎడం కొలిచినట్టు నిలబడింది.

"ఇప్పుడు కదలమను సూస్తాను" అంటూ నూకరత్నం చేతులు దులుపుకుంది.

రాజులమ్మ పొత్రాన్ని చూసింది. గడపని చూసింది. మళ్లీ పొత్రాన్ని చూసింది. ఆవిడ పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"అక్కా," అంది. "నీ కొంగు దాని కింద పడిపోనాది. లాక్కో."

నూకరత్నం కొంగు లాక్కుంటూ అలవాటు కొద్దీ, "గిన్నే, సెప్పవే..." అని మొదలుపెట్టి సగంలో ఆగింది. తనని పిలిచింది గిన్నె కాదు.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. రెండేళ్లలో రాజులమ్మ చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు నూకరత్నానికి.

"గడప దాటింది కదా," అంది రాజులమ్మ, తప్పు చేసి దొరికినట్టు. "ఒట్టు తీరిపోనాది. ఇంక మాటాడొచ్చు."

"నాను దానికోసం తేలేదు."

"తెలుసు. గిన్నెల కోసం తెచ్చేవు. అయినా వచ్చింది కదా." గోడ వైపు చూసి, "ఆ మొలకలు ఓపాలి సూపిస్తావా" అని అడిగింది.

అల్మారా తలుపు తీసేసరికి తెల్లటి వెలుతురు గదంతా పరుచుకుంది. రాజులమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముల్లు అప్పటికే ముప్పై ఎనిమిదికి దిగింది, ఇంకా దిగుతోంది. ఫ్యాను మూలుగు మాని మళ్లీ గుయ్యిమంటోంది. నూకరత్నం ఇంకో అగరొత్తి వెలిగించి అడుగు కన్నం దగ్గర పెడితే, పొగ తీగలా వంగి బుద్ధిగా లోపలికి పోయింది.

కింది అరల్లో ముచ్చె ముచ్చెకీ ఒక మొలక, చిలక ముక్కులా ఎర్రగా వంకర తిరిగి ఉంది. కొన్ని అప్పుడే నిటారుగా లేచి ఆకు విప్పుతున్నాయి. రాజులమ్మ ఒకదాని మీద వేలు ఆనించీ ఆనించనట్టు ఆనించింది.

"నాను ఈ ఇంటికొచ్చిన్నాడు బస్సు పడక వాంతులు. గుమ్మంలోనే కూలబడిపోనాను. బావగారు ఈ చెరుకు రసం తీసి నీ సేతికిచ్చి పంపించేరు. గుర్తుందా? అది తాగేకే లేచి కుడికాలెట్టేను."

"గుర్తుంది. రెండు గ్లాసులు తాగేవు. మూడోది అడగడానికి సిగ్గుపడ్డావు."

"నువ్వే తెచ్చి ఇచ్చేవు కదా."

తర్వాత ఇద్దరూ పై అర చూశారు. వేడి ఎప్పుడూ పైకే పోతుంది. పై అరలోని మొలకలు గోధుమరంగుకి తిరిగి, తడి బట్ట పిండినట్టు ముడుచుకుపోయాయి. నూకరత్నం ఒక్కొక్కటే వేలితో తట్టి చూసింది. మెత్తబడినవి తీసి కొంగులో వేసుకుంది. రాజులమ్మ పక్కన నిలబడి లెక్క పెట్టింది.

"ముప్పై ఆరు" అంది చివరికి.

"మిగిలినవి రెండొందల నాలుగు."

"ఆయన రెండొందలన్నాడు. అంటే ఎక్కువున్నవి నాలుగే."

"నాలుగే."

"నా బొంత మూలాన్నే కదక్కా."

నూకరత్నం కొంగులోని ముచ్చెలు ముడి వేసుకుంది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. "ఇంకా తొమ్మిది రోజులుంది రథసప్తమికి" అంది. "రోజూ ముప్పై రెండు మీద నిలబడితే ఇవి ఆగుతాయి. ఒక్క పూట ముల్లు నలభై ఎక్కినా, గాలి ఆగినా, నాలుగు పోవడం ఎంతసేపు."

"ఎక్కనీను. నా గదిలో ఉన్నంతసేపూ ఆ కన్నానికి నాను కాపలా. అవతల నుంచి నాను సూస్తాను, ఇవతల నుంచి నువ్వు సూడు. ఆయనకి మాత్రం..."

వీధిలో ఆటో ఆగిన చప్పుడయింది. దాని వెనకే మోటారు సైకిలు. ఆ సైకిలు సైలెన్సరు పగిలి ఆర్నెల్లయింది, వీధి చివర ఉండగానే ఎవరిదో తెలిసిపోతుంది.

"సాయంత్రం దాకా రానన్నాడు" అంది నూకరత్నం.

"నాకూ అలాగే సెప్పేడు."

ఇద్దరూ కదల్లేదు. దొడ్లోంచి వెళితే ఎదురుపడుతుంది. వీధిలోంచి వెళితే అక్కడే ఉన్నాడు. రాజులమ్మ తోటికోడలి గదిలో, అల్మారా వెలుతుర్లో, పెళ్లికూతురిలా నిలబడిపోయింది.

అప్పుడు తెలిసింది వాళ్లకి, ఆ గొట్టం వేడిని ఒక్కదాన్నే మోయదని. అవతలి గదిలో తలుపు తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు అల్మారా నెత్తి మీంచి స్పష్టంగా వినిపించాయి.

"రాజులూ. ఒసే రాజులూ. సరుగుడు నారు తెచ్చీసేను, ఆటోలో ఉంది. నర్సరీవోడు తరవాత దొరకదన్నాడు. గోనెలెక్కడెట్టేవు?"

రాజులమ్మ తోటికోడలి వైపు చూసింది. రథసప్తమి దాకా ఆగుతానన్న మనిషి తొమ్మిది రోజుల ముందే నారు దించుతున్నాడు.

"ఎక్కడికి పోనాది ఇది" అని గొట్టం గొణిగింది. అడుగుల చప్పుడు దగ్గరయింది. "ఇదేటి, ఈ గదింత ఎచ్చగా ఉంది? పొయ్యేటైనా ఎలిగించీసి పోనాదా?" గిన్నె మూత తీసిన చప్పుడు. పెద్దగా పీల్చిన చప్పుడు. మూత పెట్టిన చప్పుడు. ఒక గిన్నె గట్టు మీద బరబరమని జరిగింది.

"పొత్రం" అన్నాడు జగ్గారావు. ఎవరితోనూ కాదు. ఆ ఒట్టు వేసిననాడు అతను పెద్దమనుషుల పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పొత్రం ఈ గదిలో ఉందంటే దాని అర్థం ఏమిటో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

నూకరత్నం చెయ్యి ఫ్యాను స్విచ్చి మీదకి పోయింది. గాలి ఆగితే చప్పుడు ఆగుతుంది, కన్నంలోంచి సెగ ఆగుతుంది, అతను గోడవైపు చూడకపోవచ్చు. స్విచ్చి నొక్కేలోగా రాజులమ్మ ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆపకు" అంది గుసగుసగా. "నాలుగే ఉన్నాయి."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. ముల్లు ముప్పై మూడు మీద నిలబడింది. అవతల గట్టు మీద చెయ్యి తడుముతున్న చప్పుడు, గోడకి మొహం దగ్గరగా తెచ్చిన మనిషి ఊపిరి. ఇటు మాట అటూ పోతుందని ఇద్దరికీ అప్పుడే తట్టింది. అల్మారాలోంచి, చెరుకు మొలకల నెత్తి మీంచి, జగ్గారావు గొంతు వచ్చింది. కోపంగా ఉందో, ఇంకెలా ఉందో ఆ గొట్టంలో తెలియలేదు.

"వదినా. ఎన్ని బతికేయి?"